పీటల మీద విన్న తోడి

నా పెళ్లికి నేను అడిగింది ఒక్కటే. చీరలు మీ ఇష్టం, వంటలు మీ ఇష్టం, మేళం మాత్రం ఆ సన్నాయి పెద్దాయనదే కావాలన్నాను. మా అమ్మ నుదురు కొట్టుకుంది. పెళ్లికూతురు సన్నాయి మేళం కోసం పట్టుబట్టడం మా ఇంటా వంటా లేదట. మా నాన్న మాత్రం తల వంచుకుని కండువా సర్దుకున్నాడు. నవ్వు దాచుకోవాలంటే ఆయన చేసే పని అదే.

అసలు ఆ పిచ్చి నాకు అంటించింది ఆయనే. గుంటూరు దగ్గర పల్లెలో మిరప, పత్తి వేసే రైతు. పాట రాదు, రాగాల పేర్లు ఒక్కటీ తెలియవు. అయినా ఆ పెద్దాయన సన్నాయి ఫలానా చోట ఉందని తెలిస్తే చాలు, పిలుపు ఉన్నా లేకపోయినా నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని బయల్దేరేవాడు. గుళ్లో కల్యాణాలకీ, ముఖపరిచయం కూడా లేనివాళ్ల పెళ్లిళ్లకీ అలాగే వెళ్లాం. చిక్కంతా అక్కడికి చేరాకే వచ్చేది. మా నాన్న దర్జాగా డోలు పక్కన మగవాళ్లలో కూర్చునేవాడు. నన్ను ఆడవాళ్ల వైపు తోసేవాళ్లు. అక్కడ నాకు దక్కేది గుంజకు కట్టిన మైకు, దాని గరగర, చెవి పక్కనే నగల కబుర్లు. తిరుగు దారిలో మా నాన్న ఊరిస్తూ చెప్పేవాడు.

"దగ్గర కూర్చుంటే ఆ సంగతే వేరమ్మా. ఊదేముందు ఆయన పీల్చే గాలి కూడా వినపడుద్ది."

నాకు ఒళ్లు మండిపోయేది.

పెద్దాయన పొద్దుటి పూట ఒక రాగం వాయించేవాడు. కింద ఎక్కడో నెమ్మదిగా మొదలుపెట్టి, వెనక్కి వస్తూ మళ్లీ ముందుకు పోతూ పైకి ఎక్కేవాడు. చిట్టచివర ఒక స్వరం దగ్గర ఆగి, ఊపిరి అయిపోయిందేమోనని మనకి భయం వేసేదాకా అక్కడే నిలబడేవాడు. ఆ తరవాతే దిగేవాడు. దాన్ని తోడి అంటారని నాకు కాలేజీలో చేరాక తెలిసింది. మా నాన్న దాన్ని "మెట్ల రాగం" అనేవాడు. మైకులో ఆ పైమెట్టు దగ్గరకి వచ్చేసరికి కీచుమనేది, మొత్తం పాడయ్యేది. అది దగ్గర నుంచి ఒక్కసారి పూర్తిగా వినాలని నా కోరిక.

పెళ్లి కుదిరిన రోజు నాకు తట్టింది. మేళం వాళ్లు కూర్చునేది పెళ్లిపీటలకు ఆరడుగుల దూరంలో. పెళ్లికూతురి కంటే దగ్గర ఎవరికి చోటు? ఇక నన్ను ఆడవాళ్ల వైపు తోసే మొనగాడు లేడు. అబ్బాయి తరఫువాళ్లు గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, టీచర్ల కుటుంబం. సినిమా పాటల బ్యాండు పెట్టిద్దామన్నారు. "ఊరేగింపుకి పెట్టుకోండి బావగారూ, పందిట్లో మాత్రం మా మేళమేనండి," అని మా నాన్న అంత మెత్తని మనిషీ గట్టిగా చెప్పాడు. తాంబూలం పట్టుకుని తనే పెద్దాయన ఇంటికి వెళ్లి, ముహూర్తానికి ముందు ఆ మెట్ల రాగం వాయించాలని మరీ మరీ చెప్పి వచ్చాడు.

ఇక్కడ గట్టిమేళం సంగతి చెప్పాలి. ముహూర్తానికి పురోహితుడు చెయ్యెత్తగానే డోళ్లు ఒక్కసారిగా విరుచుకుపడటం అందరూ చూసిందే. దానికి ఇంకో పని కూడా ఉంది. పందిట్లో ఎవరైనా తుమ్మితే అపశకునం, ఆ చప్పుడు పీటల మీదివాళ్ల చెవిన పడకూడదు. అందుకని ఎవరి ముక్కు అదిరినా "గట్టిమేళం!" అని కేక పడుతుంది. రాగం ఎక్కడున్నా అక్కడే తెగిపోతుంది.

మా ముహూర్తమేమో నిండు మిరప కోతల్లో కుదిరింది. కల్లాల్లో కాయలు ఎండి, బస్తాలకి ఎత్తే రోజులు. బస్తాలో కాయలు పోసి కాళ్లతో తొక్కుతుంటే లేచే ఘాటు ఎంత దూరం పోతుందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. మా నాన్న రెండు రోజులు ముందే గడప గడపకీ తిరిగాడు. "ఆ పొద్దున ఒక్క పూట తొక్కుడు ఆపండయ్యా, మా అమ్మాయి పెళ్లి," అని బతిమాలాడు. అందరూ సరేనన్నారు, అన్నమాట మీద నిలబడ్డారు కూడా.

మేనమామలు నన్ను బుట్టలో తెచ్చి పీట మీద దించారు. ఎదురుగా తెర పట్టారు. తెర అవతల ఉన్న మనిషి ఆ కాసేపు నాకు గుర్తే లేడు, ఈ మాటకి ఆయన ఇప్పటికీ అలుగుతాడు. కుడివైపు పెద్దాయన సన్నాయి అందుకున్నాడు. ముందు గాలి వినపడింది. మా నాన్న చెప్పింది నిజమే. తరవాత తోడి మొదలైంది, నా చేతుల మీద రోమాలు లేచాయి.

నాలుగు మెట్లు ఎక్కిందో లేదో, వెనక మా పెదనాన్న తుమ్మాడు.

"గట్టిమేళం!"

డోళ్లు దడదడలాడాయి. పెద్దాయన తడుముకోకుండా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి సగం ఎక్కాక మా పిన్ని తుమ్మింది. మళ్లీ గట్టిమేళం. ఆ తరవాత బ్రాడీపేట బంధువులు వరసబెట్టారు, పాపం వాళ్లకి అలవాటు లేని ఘాటు. ఆఖరికి పురోహితుడే మంత్రం మధ్యలో తుమ్మి, తన తుమ్ముకి తనే చెయ్యెత్తాడు. పందిరంతా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "ఎవడ్రా తొక్కేది? ఏ కల్లంలో?" అని మా పెదనాన్న అరిచాడు. ఎవరో పరుగున వెళ్లి చూసొచ్చారు.

"మన కల్లమేనంట!"

ఊరందరికీ చెప్పిన మా నాన్న, తన కల్లంలో పనివాళ్లకి చెప్పడం మర్చిపోయాడు. ఆపించడానికి తనే అటు పరుగెత్తాడు. ఈ హడావుడిలోనే ముహూర్తం వచ్చేసింది, జీలకర్ర బెల్లం పెట్టేశాం. పెద్దాయన అయిదుసార్లు మొదలుపెట్టిన తోడి ఒక్కసారి కూడా పైమెట్టు ఎక్కలేదు. తాళి కట్టాక నాకు ఏడుపు ఆగలేదు. అత్తారింటికి పోవడానికి బెంగ అని ఆడవాళ్లు ఓదార్చారు. మా నాన్న మాత్రం వంగి నా చెవి దగ్గర అడిగాడు.

"పైదాకా పోలేదు గదమ్మా?"

లేదని తల ఊపాను. తల మీద అక్షింతలు రాలాయి. ఆయన ముఖం చూస్తే నా ఏడుపు నాకే సిగ్గనిపించింది.

భోజనాలయ్యాయి. మేళం వాళ్లకి సాయంత్రం తెనాలిలో ఇంకో పెళ్లి, వ్యాను సిద్ధంగా ఉంది. మా నాన్న వెళ్లి పెద్దాయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపే పెద్దాయనే అన్నాడు.

"అమ్మాయిని పిలవండి. అయిదుసార్లు ఎత్తుకుని దించేశాను. ఇట్టా సగంలో వదిలేసి పోతే నాకు మాత్రం తిన్నది అరుగుద్దా?"

ఖాళీ పందిట్లో నన్ను మళ్లీ అదే పీట మీద కూర్చోబెట్టారు. మా ఆయన కూడా పక్కన చేరాడు, ఏం జరుగుతోందో ఆయనకి ఒక్క ముక్క తెలియదు. మా నాన్న ఒక గుంజ పక్కన నిలబడ్డాడు. పెద్దాయన డోలు వాళ్ల వైపు తిరిగి, "ఎవరు తుమ్మినా చెయ్యి లేవకూడదు," అని చెప్పి సన్నాయి అందుకున్నాడు.

ఈసారి తొందర లేదు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, అక్కడ కాసేపు తిరిగి, ఇంకోటి ఎక్కాడు. ఆయన బుగ్గలు, మెడ మీద నరాలు, మూసుకున్న కళ్లు అన్నీ నాకు కనపడుతున్నాయి. పైమెట్టు దగ్గర నిలబడ్డాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఎంతసేపు నిలబడ్డాడో చెప్పలేను. ఎక్కడా కీచుమనలేదు, ఎవరూ తుమ్మలేదు. దిగి వచ్చాక నేను లేచి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాను. అప్పుడే మా నాన్న వైపు చూశాను. కండువా ఉండ చుట్టి నోటికి, ముక్కుకి అదిమి పట్టుకున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నాకూ మళ్లీ ఏడుపొచ్చింది.

చాలా ఏళ్లకి, నా కూతురికి ఆ రోజు సంగతి చెబుతూ, "మీ తాతయ్య కూడా తోడి విని ఏడ్చాడు తెలుసా," అన్నాను. పక్కనే మంచం మీద పత్తి గింజలు ఏరుతున్న మా నాన్న తల ఎత్తాడు.

"ఏడుపు ఎక్కడిది? పొద్దున కల్లంలో తొక్కుడు ఆపించడానికి పోయింది నేనే గదా, ఆ ఘాటంతా ముక్కులోనే ఉంది. నువ్వు వినేదాకా తుమ్మకూడదని బిగబట్టా. చెవులు దిమ్మెత్తిపోయినయ్. ఆ రోజు నాకు ఒక్క ముక్క వినపడలేదమ్మా."

అని, మళ్లీ గింజలు ఏరుకున్నాడు. ఆయన ఇన్నేళ్లూ అది నాకు చెప్పలేదు. నేను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. మా ఇద్దరిలో దగ్గర కూర్చుని ఆ పైమెట్టు విన్నది నేనొక్కదాన్నే. అది ఎలా ఉందో, గాలి పీల్చిన దగ్గర నుంచి మొదలుపెట్టి, ఈసారి నేను ఆయనకి చెప్పాను.