మందునీళ్ల తొట్టి

మా బావ నన్ను కూలీల ముందు అన్న మాట నేను మరిచిపోలేదు. ఆళ్లగడ్డ నుంచి బస్సులు మారి మారి, అక్కను చూద్దామని నెల్లూరు వైపు సముద్రం ఒడ్డునున్న వాళ్ల పల్లెకు పోయాను. బావ రొయ్యల గుంటల దగ్గర ఉన్నాడు. గట్టు మొదట్లో మందునీళ్ల తొట్టి పెట్టి ఉంది.

"చెప్పులు ఆడే వదిలేసి, కాళ్లు ముంచి రా బామ్మర్దీ."

"ఏం బావా, నా కాళ్లకు ఏమంటింది?"

"వేరే గుంటల రోగం కాళ్లతోనే వస్తాది. ఎవురైనా ముంచాల్సిందే."

మా తాతను ఊరి బావి దగ్గరికి రానివ్వలేదన్న సంగతి వింటూ పెరిగినవాణ్ణి. బావ కూడా మా చర్చివాళ్ల బిడ్డే. ఆయనకు తెలియదా? మా ఇళ్లలో వచ్చినవాడి కాళ్లకు చెంబుతో నీళ్లిస్తారు, తొట్టి చూపించరు. అన్నం తినకుండానే తిరిగొచ్చేశాను. ఆరేళ్లు ఆ గడప తొక్కలేదు.

బావ మంచి రైతని ఒప్పుకుంటాను. గుంటల మురికి కాలవలో కలిసి బావులు పాడవుతున్నాయని పల్లె గొడవ చేస్తే, ఉన్న మూడు గుంటల్లో ఒకదాంట్లో రొయ్య వేయడం మానేశాడు. వాడిన నీళ్లు అందులో తేరాకే కాలవకు వదిలేవాడు.

నిరుడు అక్క వచ్చింది. రొయ్యలకు తెల్లమచ్చల రోగమొచ్చి అన్నీ పోయాయని చెప్పింది. బావ పిన్నమ్మ కొడుకు, రోగమున్న వేరేవాళ్ల గుంటలో దిగి వచ్చి, నేరుగా బావ గట్టెక్కాడట.

"కాళ్లు ముంచమని చెప్పలేదా?"

"యాడ చెప్తాడప్పా? నువ్వు అలిగి పోయినకాడ్నించి సుట్టాలకు ఆ మాట చెప్పాలంటే భయం మీ బావకు."

"ఆ పొద్దు నన్ను పక్కకు పిలిచి చెప్పుండొచ్చు కదా," అన్నాను. ఆ మాట ఇప్పటికీ అంటాను.

చుట్టుపక్కల వాళ్లు రోగపు నీళ్లు కాలవకు వదిలేశారట. బావ తన గుంటల నీళ్లను బ్లీచింగ్ కలిపి వారాల తరబడి కట్టి ఉంచాడట. తర్వాత గుంటలు వదిలేసి, నంద్యాలలో ఒక చేపల అంగట్లో పనికి కుదిరాడు.

మొన్న పోయాను. కత్తిపీట ముందు కూర్చుని చేప కోస్తున్నాడు. జుట్టు నెరిసింది. గడప దగ్గర నేనే చెప్పులు విడిచాను.

"వేసుకునే రా బామ్మర్దీ," అన్నాడు తలెత్తకుండా. "ఈడ బతికుండే రొయ్య ఒక్కటీ లేదు."