అమావాస్యకు దులిపిన కంప్యూటర్

అమావాస్య వస్తే ధర్మవరంలో మా అక్కావాళ్ల మగ్గం ఆడదు. ఆ రోజు బావ దాన్ని దులిపి, కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగిస్తాడు. ఆ నెల చేతిలో గుడ్డ ఇంకా ఉందని పక్కనున్న కంప్యూటర్‌ను కూడా దులిపినాడు. లోపల కూడా.

మరుసటి రోజు పొద్దున్నే అక్క ఫోను. "రేయ్, నా అంచు పోయిందిరా!"

"దినం ఎప్పుడు పెట్టుకుందాం?" అన్నాను. తిట్టింది. బండి తీసుకుని పోయినాను.

అది అక్క తొలిసారి సొంతంగా గీసిన చీర అంచు. శెనక్కాయ పువ్వులు. సాయంత్రం చీరల షావుకారు వచ్చేలోపు బెత్తెడన్నా నేసి చూపించాలి. లేదంటే మళ్లీ ఆ పాత మామిడిపిందెలే.

గీసిన బొమ్మను మగ్గం మీద పూలు నేయించే జాకార్డ్ పెట్టె చదివేలా మార్చే ప్రోగ్రాం నేను రాసిందే. నల్ల తెర మీద ఒక్క లైను టైపు చేస్తే చాలు. ఇప్పుడా తెర నిండా ఇంగ్లీషులో ఏడుపు, అడుగున "ఫైలు లేదు" అని ఒక ముక్క. అక్క బొమ్మ భద్రంగానే ఉండాది. పోయింది మగ్గం కొలతలు, రంగులు ఉన్న నాలుగు లైన్ల సెట్టింగ్స్ ఫైలు.

"తెరిస్తే ఫోటో లేదు, పాట లేదు. చెత్త అనుకుంటినప్పా," అన్నాడు బావ.

"మగ్గం కూడా పాట పాడదు బావా. అదీ పారేయ్."

నా ప్రోగ్రాం మాత్రం తక్కువదా? చిన్న ఫైలు లేదని పెళ్లిలో అలిగిన మేనమామ మాదిరి కూలబడింది. కూర్చుని బుద్ధి చెప్పినాను: ఫైలు లేకపోతే మామూలు రంగులు తీసుకో, తీసుకున్నానని చెప్పు.

"హుక్కులు కూడా అదే అనుకోనీరా, పొద్దు పోతాండాది," అంది అక్క.

"రంగు తప్పితే మార్చుకుంటాం. దారాలెత్తే హుక్కుల లెక్క తప్పితే పట్టు పాడైతాది. అది అడగాల్సిందే."

మళ్లీ నడిపితే తెర మీద తెలుగులో వచ్చింది: "సెట్టింగ్స్ ఫైలు కనపడలేదు. మామూలు రంగులు తీసుకున్నాను. జాకార్డ్‌కు హుక్కులెన్ని?" అక్క చెప్పింది. అది కొత్త ఫైలు తనే రాసుకుని పనిలో పడింది. మగ్గమూ ఆడింది.

సాయంత్రం షావుకారు అంచును వేలితో తడిమినాడు. "ఏం పువ్వమ్మా ఇది?"

"శెనక్కాయ పువ్వన్నా."

"వాన లేక చేన్లో పూయకపోయినా చీరలో పూసిందే!" నవ్వి, రెండు చీరలు నేయమన్నాడు.

మరుసటి అమావాస్యకు ఫోను బావ దగ్గర్నుంచి. గొంతులో భలే సంతోషం.

"ఆ ఫైలు మళ్లీ తీసేసి చూసినాప్పా. ఏం ఏడవలేదు. మర్యాదగా అడుగుతాంది."