కర్పూరం వాసన వేసిన సన్మానం

నేను ఐదో తరగతి రెండేళ్లు చదివాను. ఆ తరగతంటే నాకంత ఇష్టం. మూడో ఏడు కూడా అందులోనే కూర్చుంటానన్నాను గాని, బెంచీ కింద కాళ్లు పట్టడం లేదని పంతులుగారు ఇంటికి పంపేశారు. అలాంటివాణ్ని, ఒక యూనివర్సిటీ చేయవలసిన సన్మానాన్ని దగ్గరుండి జరిపించానంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే మంచిది. జరిగిన తీరు చెబితే ఇంకా నవ్వుతారు.

అప్పట్లో నేను కువైట్‌లో, హవల్లీలో ఒక టైలరు షాపులో బట్ట కత్తిరించేవాణ్ని. అక్కడి మగవాళ్లు వేసుకునే తెల్లటి పొడుగు చొక్కాలు, దిష్దాషాలు, మా పని. షాపు పైన అద్దె గదులు. ఒక గదిలో నేనూ, కోనసీమ నుంచి వచ్చిన ఒక వంటాయనా ఉండేవాళ్లం. వయసులో పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ని. పై అంతస్తులో ముగ్గురు నల్లజాతి విద్యార్థులు ఉండేవారు. ఇద్దరిది సూడాన్, ఒకతనిది సోమాలియా. మెట్ల మీద ఎదురైనప్పుడు చూస్తే వాళ్లకూ నాకూ చదువులో ఉన్నంత తేడా రంగులో ఉండేది కాదు.

ఆ వేసవిలో ముగ్గురూ చదువు ముగించారు. సూడాన్ కుర్రాళ్లలో పొడుగాయన ఇంజనీరింగ్‌లో తన తరగతికంతా మొదట వచ్చాడు. పొట్టి ఆయన అరబ్బీ ఉపన్యాసాల పోటీలో అరబ్బులనే ఓడించాడు. సోమాలియా కుర్రాడిది లెక్కల చదువు. వాళ్ల దేశంలో యుద్ధం జరుగుతోంది. ఇంటివాళ్లు ఎక్కడున్నారో తెలియకుండానే పరీక్షలన్నీ రాసి మంచి మార్కులతో బయటపడ్డాడు.

ఒకరోజు ముగ్గురూ షాపుకొచ్చి భుజం మీద వేసుకునే రంగుల పట్టీలు కుట్టమన్నారు. సెలవులయ్యాక యూనివర్సిటీలో పెద్ద సభ ఉంటుందట. అది కాక ఆఫ్రికా విద్యార్థులు తమలో గెలిచినవాళ్లకు వేరే సభ పెట్టుకుని, ఆ పట్టీలు వేసి, ఒక్కొక్కరు ఏం సాధించారో చదివి వినిపిస్తారట. ఉన్న సభ చాలదా, ఇంకోటెందుకని అడిగాను. పెద్ద సభలో మా పేర్లు వచ్చే వేళకు జనం చాయ్‌కి లేచిపోతారు అన్నాడు పొడుగాయన. అందులో కోపమేమీ లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు.

అతనికి ఆ పట్టీ కన్నా, అది వేసుకుని దిగే ఫోటో ముఖ్యం. తండ్రి లేడు. తల్లి నైలు నది పక్క పల్లెలో ఉండేది, చదువు రాదు. డిగ్రీ కాగితం చేతిలో పెడితే తలకిందులుగా పట్టుకుంటుందట. ఫోటో అయితే తనే ఊరందరికీ చదివి వినిపిస్తుందట. కొడుకు వస్తూ సన్మానం ఫోటో తెస్తాడని అప్పటికే ఊరంతా చెప్పేసింది. గోడకు మేకు కూడా కొట్టించేసింది.

ఆ పట్టీలు సగం కుట్టి ఉండగా ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది.

దాని గురించి చదువుకున్నవాళ్లు చాలా రాశారు. నాకు తెలిసింది మా వీధి మటుకే. మా కఫీలు, అంటే షాపు యజమాని, వేసవికని కుటుంబంతో చల్లటి దేశం వెళ్లి అక్కడే ఉండిపోయాడు. సైనికులు షాపులో మిషన్లు, ఇస్త్రీ పెట్టెలు, చివరికి గోడ గడియారం కూడా లారీలో వేసుకున్నారు. రంగుల పట్టీలూ పోయాయి. నేను తలగడగా వాడుకుందామని గదికి తెచ్చుకున్న తెల్లబట్ట తాను ఒక్కటి మిగిలింది. రొట్టెల కోసం బయటికి వెళితే దారిలో ప్రతి సైనికుడూ నన్ను సూడానీవా అని అడిగేవాడు. కాదు, హిందీ, అంటే ఇండియావాణ్ని అని కార్డు చూపిస్తే, కార్డునీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసి, కార్డే అబద్ధమాడుతోందన్నట్టు వదిలేసేవాడు.

కొన్ని వారాలకు బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్లే బస్సులు మొదలయ్యాయి. పొట్టి ఆయనా, సోమాలియా కుర్రాడూ సంచులు సర్దారు. పొడుగాయన మాత్రం రానన్నాడు. యూనివర్సిటీ మళ్లీ తెరుస్తారు, సభ జరుగుతుంది, ఫోటో తీసుకునే వెళతాను అని మెట్ల మీద కూర్చున్నాడు. తెరవడానికి యూనివర్సిటీలో కుర్చీలు కూడా మిగల్లేదని ఊరంతటికీ తెలుసు, అతనికీ తెలుసు. దారి ఎప్పుడు మూసేస్తారో ఎవరూ చెప్పలేరు. బస్సు మర్నాడు పొద్దున. స్నేహితులిద్దరూ మా గదికొచ్చి మీరైనా చెప్పండని కూర్చున్నారు.

నేను వచ్చీరాని అరబ్బీలో సంగతంతా విని వంటాయనకు తెలుగులో చెప్పాను. ఆయన ఉల్లిపాయ తరుగుతున్నవాడల్లా కత్తి పక్కన పెట్టాడు.

"అదేంట్రా అబ్బాయ్, సన్మానానికి యూనివర్సిటీ ఎందుకు? మా కోనసీమలో పదవి వచ్చినా సన్మానమే, పదవి ఊడినా సన్మానమే. కుర్చీ, శాలువా, దండ, పళ్లెంలో పళ్లు, నాలుగు మంచి మాటలు. అంతేగా. రేపెందుకు, ఇవాళ సాయంత్రమే కానిచ్చేద్దాం."

సోమాలియా కుర్రాడి దగ్గర కెమెరా ఉంది. అందులో కాస్త రీలూ ఉంది. ఇక మిగతావి వెతకాలి.

మా పక్క గదిలో మా కడప వైపు అక్క ఒకామె ఉండేది. ఆమె పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, సరిహద్దు దాటి సౌదీకి పోతూ, కారులో చోటు లేదని ఈమెను వదిలేసింది. పూలు దొరకవు కదా దండకేం చేద్దామంటే, వంటాయన తన డబ్బాలోంచి ఎండు నిమ్మకాయలు తీశాడు. అక్కడివాళ్లు మాంసం కూరలో వేసే నల్లటి గట్టి నిమ్మకాయలు. దబ్బనంతో గుచ్చబోతుంటే అక్క ఆపింది.

"నిమ్మకాయల దండ అమ్మవారికేస్తారు, లేకుంటే లారీకేస్తారు. చదువుకున్న పిల్లోళ్లకు ఎవురైనా ఏస్తారాప్పా?"

"ఆళ్లకేం తెలుస్తుందమ్మా, మనం చెబితే గదా," అన్నాడు వంటాయన. దండ తయారైంది.

పళ్లెంలోకి మా మేడ ముందున్న ఖర్జూరపు చెట్టు నుంచి పళ్లు కోశాం. పళ్లెం నిండలేదని మధ్యలో చిక్కుడు గింజల డబ్బా ఒకటి నిలబెట్టాం. శాలువా వంతు నాది. తాను విప్పి మూడు ముక్కలు కత్తిరించాను. పిసినారితనం చేయొద్దు, భుజాల మీంచి రెండు వైపులా నేలకు తాకాలని వంటాయన హుకుం. కత్తెర పడిన బట్ట కాబట్టి అంచు కుడదామనుకున్నాను. మిషను లారీ ఎక్కిపోయింది కదా, అలాగే మడిచి పెట్టాను. ఉత్త బట్ట ఇస్తే ఏం బాగుంటుంది, మంచి వాసన ఉండాలని అక్కే అంది. తన పెట్టె అడుగున దాచుకున్న కర్పూరం పొట్లం తెచ్చింది. హారతికి కొంత పక్కనుంచి, మిగతాది నలిపి మడతల్లో చల్లి, మూట కట్టి పెట్టాం. సాయంత్రానికి బట్టంతా గుడిలా ఘుమఘుమలాడింది. మా ముగ్గురికీ అది చాలా నచ్చింది.

మేడ కింద, మెట్ల ముందున్న ఖాళీలో కుర్చీలు వేశాం. మేడలో మిగిలినవాళ్లంతా వచ్చారు. కాపలా ఉండే ఈజిప్టు పెద్దాయన కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. స్నేహితులిద్దరూ పొడుగాయన్ను చెరో రెక్కా పట్టుకుని దింపుకొచ్చి మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. అతను ఇష్టం లేని పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కూర్చున్నాడు. వంటాయన లేచి తెలుగులో ఉపన్యాసం మొదలుపెట్టాడు. కుర్రాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా శ్రద్ధగా విన్నారు. నేను మధ్యలో దూరి, ఒక్కొక్కరు ఏం సాధించారో నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. ఇంజనీరింగ్‌లో మొదటివాడు, అరబ్బుల మీద అరబ్బీలో గెలిచినవాడు, ఇల్లు ఎక్కడుందో తెలియకుండా లెక్కలు తప్పనివాడు. ఎవరూ చాయ్‌కి లేవలేదు. చాయ్ లేదు కూడా.

తర్వాత మూట విప్పి ముగ్గురి భుజాల మీదా తెల్లబట్టలు కప్పాను. కప్పి, చప్పట్ల కోసం చూశాను.

చప్పట్లు రాలేదు. చప్పట్లకని చేతులెత్తిన మన తెలుగువాళ్లు కూడా మిగతావాళ్ల ముఖాలు చూసి దించేశారు. ఈజిప్టు పెద్దాయన గోడ దగ్గర నుంచి, చావు కబురు విన్నప్పుడు వాళ్లు అనుకునే మాటలు గొణిగాడు. పొట్టి ఆయన భుజం మీది బట్టను ముట్టుకోకుండా చేతులు దూరంగా పెట్టుకున్నాడు. ఏమైందని పెద్దాయన్నే అడిగాను. కుట్టని తెల్లబట్ట, దానికి కర్పూరం. ముస్లింలలో శవాన్ని సాగనంపడానికి సిద్ధం చేసేది సరిగ్గా అలాగేనట. మేం ఒక్కటీ తగ్గించకుండా చేశాం. రేపు పొద్దున యుద్ధంలోంచి బస్సు ఎక్కవలసిన పిల్లలకు చేశాం.

వంటాయన దండ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొడుగాయన బట్ట కొస పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నా వైపు చూశాడు.

"చచ్చిందెవరు?" అన్నాడు.

మా దేశంలో కర్పూరం దేవుడికి వెలిగిస్తాం, గొప్పవాళ్లకు భుజాన బట్ట కప్పుతాం, మాకు తెలిసింది ఇంతే అని చెప్పాను. అతను కాసేపు ఆ బట్టను అరచేతుల మధ్య సాగదీస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని, మిగతాదాన్ని తల చుట్టూ చుట్టడం మొదలుపెట్టాడు.

"మా ఊరి పెద్దలు దీన్ని తలమీదే మోసుకు తిరుగుతారు," అన్నాడు చుడుతూనే. "బతికున్నన్నాళ్లూ తలపాగా. అవసరం పడిన రోజున విప్పితే సరిపోతుంది, వెతుక్కోనక్కర్లేదు. ఇంత పొడుగు తలపాగా మా నాన్న ఒక్కడికే ఉండేది."

దిష్దాషా బట్ట మందం కదా, తలపాగా నీళ్ల కడవంత అయింది. పొట్టి ఆయన కూడా చుట్టుకున్నాడు. సోమాలియా కుర్రాడికి చుట్టడం రాకపోతే పొడుగాయనే చుట్టాడు. అప్పుడు వంటాయనకు ప్రాణం వచ్చి నిమ్మకాయల దండ మెడలో వేశాడు. అక్క హారతి మాత్రం ఇవ్వనంది. కర్పూరం మాటెత్తితే ఒట్టు అంది.

ఫోటో తీసేటప్పుడు ముగ్గురూ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. సోమాలియా కుర్రాడి కెమెరాను ఈజిప్టు పెద్దాయన పట్టుకున్నాడు. నేను తప్పుకుందామనేలోపు నువ్వూ ఉండు అని పొడుగాయన చెయ్యి పట్టి లాగాడు. మెడలో కొలత టేపుతో, తలపాగా లేని ఉత్త తలతో, వాళ్ల పక్కనే ఒక చివర నిలబడ్డాను. నా వరకు బట్ట మిగల్లేదు.

పొద్దున పొడుగాయన బస్సు ఎక్కాడు. రీలును తలపాగా మడతల్లో పెట్టుకున్నాడు. దారిలో సైనికులు కెమెరాలు లాక్కుంటారు గాని తలపాగాలు విప్పరని అతని లెక్క. తర్వాత మేమూ అదే దారిన ఇళ్లకు చేరాం.

యుద్ధం అయిపోయాక నేను మళ్లీ అదే కఫీలు దగ్గరికి, కొత్త మిషన్ల మధ్యకు వచ్చాను. కొన్నేళ్లకు సోమాలియా కుర్రాడు షాపుకొచ్చాడు. ఇప్పుడు కుర్రాడు కాదు, కోటు వేసుకున్న మనిషి. డిగ్రీ కాగితం తీసుకోవడానికి వచ్చాడట. ఇంటివాళ్లు దొరికారని చెప్పాడు. జేబులోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. లెక్క తప్పలేదు, రీలు దాటింది. పొడుగాయన ఊరికి వెళ్లి వాళ్లమ్మ మేకుకు తగిలించిన ఫోటో చూసి, ఆమెతో చాయ్ తాగి వచ్చాడట. ఊళ్లో ఎవరు గడప తొక్కినా ముందు ఫోటో చదివి వినిపించి గాని నీళ్లివ్వదట.

నేను ఫోటో చాలాసేపు చూసి, ఊరుకోలేక అన్నాను. "చూశావా, మీ యూనివర్సిటీకి చేతకానిది ఐదో తరగతి తప్పినవాడు చేశాడు. ఆ పెద్దామెకు చెప్పాల్సింది, ఈ పక్కన నిలబడ్డవాడే ప్రిన్సిపాలని."

అతను ఫోటో తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పబోయాం. ఆమే ముందు నీ మీద వేలు పెట్టి అడిగింది. మన పిల్లలు ముగ్గురూ పాసయ్యారు గదా, పాపం ఈ నాలుగోవాడొక్కడే తప్పాడా అని."