జ్ఞానమ్మ గాజుబుడ్డి

రాజమండ్రి మిషను ఆడపిల్లల బడిలో జ్ఞానమ్మ పన్నెండేళ్లుగా పంతులమ్మ. బడి నడిపిన దొరసాని తన సీమకు తిరిగి వెళ్లిపోతూ ఆమె చేతిలో ఒక గాజుబుడ్డి పెట్టింది. అందులోంచి గాలిని దాదాపు అంతా లాగేశారు. లోపల సూదిమొన మీద నాలుగు పలచటి రేకులు. ఒక్కో రేకుకు ఒక పక్క మసి నలుపు, రెండో పక్క తళతళ. ఎండలో పెడితే గిర్రున తిరిగేవి.

"వెలుగు నెడుతోందర్రా!" అని దొరసాని చెప్పినట్టే ఏటేటా చెప్పేది జ్ఞానమ్మ.

1896 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బుడ్డి తుడిచి కిటికీలో పెడుతూ ఆగిపోయింది. ఎండకు నల్ల పక్కలే వెనక్కి పోతున్నాయి. గోడకు తగిలి ఎగిరొచ్చే బంతి, అంటుకుపోయే మట్టిముద్ద కన్నా గోడను గట్టిగా తోస్తుంది కదా! వెలుగును వెనక్కి కొట్టేది తళుకు పక్క. నెట్టేది వెలుగే అయితే వెనక్కి పోవలసింది అదే.

ఇక ఆమెకు కుదురు లేదు. రెండుపూటలా అన్నం మాడ్చింది. చర్చిలో అందరూ మోకాళ్ల మీద ఉంటే తను లేచి నిలబడింది.

"ఏంటి జ్ఞానమ్మా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు భర్త చిట్టియ్య. కాలువ లాకుల దగ్గర గుమాస్తా ఆయన.

"బాగానే ఉందండి. పిల్లలకి అబద్ధం చెప్పానేమోనని."

మర్నాడు ఎండలో కాగిన బుడ్డిని నీడ గదిలోకి తెచ్చి తడిగుడ్డ చుట్టింది. రేకులు ఆగాయి. ఆగి, మెల్లగా ఎదురు తిరిగాయి! వెలుగు లేకున్నా తిరిగాయంటే ఇది వేడి చేసే పని; నల్ల పక్కే ముందు వేడెక్కుతుంది, ముందు చల్లారుతుంది. ఎండలో ఉన్నప్పుడు బుడ్డిలో మిగిలిన కాస్త గాలి వేడెక్కిన నల్ల పక్కకు తగిలి, మరింత జోరుగా ఎగిరిపోతూ దాన్ని తన్నుతోంది.

తరగతిలో తప్పు ఒప్పుకుంది. అయినా మనసు ఊరుకోలేదు. ఆమె దగ్గర చదువుకున్న సత్యకుమారి ఇప్పుడు మొగల్తూరులో ఇదే పాఠం చెబుతోంది. జ్ఞానమ్మ అటు వెళ్లే నరసాపురం పడవెక్కింది. లాకు లాకుకీ పడవ ఆగుతుంటే కూర్చోలేక గట్టు మీద పచార్లు చేసింది.

"దీనికోసం ఇంత దూరం వచ్చారాండి?" అంది సత్యకుమారి బిత్తరపోయి. అంతా విన్నాక మెల్లగా అడిగింది: "అయితే వెలుగు అసలు నెట్టదాండి?"

"తగిలి వెనక్కి పోయేది గాలైనా వెలుగైనా తోస్తుందమ్మా. నెడుతుందనే శాస్త్రం చదివిన పెద్దవాళ్లు లెక్కగట్టారట. కానీ ఆ తోపు మహా చిన్నది. ఈ బుడ్డిలో గాలి దాన్ని మింగేసింది. ఎవరైనా కొలిచి చూడాలి."

ఆరేడేళ్లకు, రష్యాలో ఒకాయన వెలుగు తోపును కొలిచాడని చిట్టియ్య పత్రికలో చదివి వినిపించాడు. జ్ఞానమ్మ ఆ కాగితం లాక్కుని అటూ ఇటూ తిప్పింది.

"బుడ్డిలో మిగిలిన గాలిని ఏం చేశాడో రాయలేదేంటండీ?" అంటూ మళ్లీ మొదటినుంచి చదవడం మొదలెట్టింది.