బుజ్జమ్మకి నేను వేసిన టైంటేబులు

ఆ రోజుల్లో బి.ఎడ్. పాసైన కుర్రాడికి ఉద్యోగం ఒక్కటి తప్ప అన్నీ ఉండేవి, ముఖ్యంగా జ్ఞానం. డెబ్బైల్లో మా తిరువూరులో నాకది మరీ ఎక్కువ, ఎందుకంటే శిశు మనస్తత్వం పేపర్లో క్లాసు మొత్తానికి నాదే ఫస్టు మార్కు. (అప్పటిదాకా ఒక్క పసిపిల్లనైనా ఎత్తుకున్న పాపాన పోలేదు, అది వేరే సంగతి.) సరిగ్గా అప్పుడే మా అక్క రెండో కాన్పుకి పుట్టింటికొచ్చింది, చంకలో ఏడాదీ మూణ్ణెల్ల బుజ్జమ్మతో. వానాకాలం కావడంతో దండెం మీద బుజ్జమ్మ గుడ్డలు ఆరి చచ్చేవి కావు. "రెండోది కూడా పుడితే ఇద్దరి గుడ్డలు ఎవరు ఉతుకుతారే తల్లీ!" అని అమ్మ తల పట్టుకుంటే, "కాన్పయ్యేలోగా దీనికి ఉచ్చొస్తే చెప్పడం అలవాటు చేస్తాను, నాకొదిలెయ్యండి" అన్నాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఒరేయ్, పడుకుని లేచాక గుడ్డ పొడిగా ఉండాలి. తడిస్తే దానికే చిరాకెయ్యాలి. మన దగ్గరికొచ్చి ఏదో చెప్పబోవాలి. అప్పుడు మొదలెడితే అర్థముంది. ఇప్పట్నించీ దాని ప్రాణం తియ్యకు." ఇదేదీ పుస్తకంలో లేదు కనుక నేను పట్టించుకోలేదు.

కాగితం మీద ఏడు, పది, ఒకటి, నాలుగు అని టైంటేబులు రాసి వసారా గోడకి అంటించాను. ఆ వేళలకి పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పాదాల మీద దాన్ని కూర్చోబెట్టుకుని "స్స్స్" అనేవాణ్ణి. అదీ నా మొహంలోకి చూసి "స్స్స్" అనేది. అరగంటసేపు ఇద్దరం పాముల్లా బుసలు కొట్టుకున్నాక, నా కాళ్లు తిమ్మిరెక్కి, ఇక లాభంలేదని లోపలికి తెస్తే నాన్న పడక్కుర్చీ పక్కన తీరిగ్గా కానిచ్చేది. "ఏంట్రా, మీ పుస్తకంలో నా కుర్చీ గురించి కూడా రాశారా?" అనేవారు నాన్న, పేపరు దించకుండానే. ఇలా కాదని బహుమతిగా బెల్లంముక్క పెట్టాను. కూర్చున్నందుకే బెల్లం అనుకుందో ఏమో, రోజుకి ఇరవైసార్లు నన్ను పెరట్లోకి లాక్కెళ్లి, పాదాలెక్కి కూర్చుని, పనేమీ చెయ్యకుండానే చెయ్యి చాపేది. "ఎవరు ఎవరికి నేర్పుతున్నార్రా?" అని అక్క పొట్ట పట్టుకుని నవ్వేది.

ఇంతలో విస్సన్నపేటలో నేను ఉద్యోగం అడిగిన ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు గారు, పనిమీద మా ఊరొచ్చి, కుర్రాణ్ణి ఓసారి చూసిపోదామని మా ఇంటికొచ్చారు. గంజిపెట్టిన తెల్లపంచె, గంభీరమైన మనిషి. ఆయన చూపు గోడమీద పడింది.

"ఇవేంటబ్బాయ్, బస్సు టైములా?"

"కాదండి. మా మేనకోడలికి శాస్త్రీయంగా అలవాటు చేస్తున్నానండి."

"ఏమన్నా వచ్చిందా?"

"పూర్తిగా వచ్చేసిందండి" అనేశాను. (ఉద్యోగం అవసరం అలాంటిది.) తలుపు చాటునుంచి అమ్మ దగ్గింది. ఆయన ముచ్చటపడి బుజ్జమ్మని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. గోడగడియారం టంగుమని నాలుగు కొట్టింది.

ఆయన నెమ్మదిగా కిందికి చూసుకున్నారు. నా ఉద్యోగం ఆ పంచె మీదుగా కారి గచ్చు మీదికొచ్చేసింది. నేను గబుక్కున బుజ్జమ్మని ఎత్తేసుకున్నాను. ఆయన తలెత్తి గోడమీది కాగితం వైపు చూశారు. "టైము తప్పలేదు మాస్టారూ, చోటే తప్పింది." మా నాన్న పంచె ఒకటి ఇస్తే కట్టుకుని, కాఫీ తాగి, వెళుతూ వెళుతూ, "సోమవారం వచ్చి ఒకటో తరగతిలో చేరండి. అక్కడా ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు" అన్నారు.

అక్కకి మగపిల్లాడు పుట్టాడు. గుడ్డలు రెండింతలయ్యాయి. అమ్మ నన్నొక్క మాటా అనలేదు. (అంటేనే బాగుండేది.) మామిళ్లు పూతకొచ్చిన రోజుల్లో ఒక శనివారం నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి బుజ్జమ్మ ఎదురొచ్చి, గౌను పట్టుకుని, "మామా, ఉచ్చ" అంది. చెప్పింది! తనంతట తనే చెప్పింది! చేతిసంచి అక్కడే పడేసి పీట కోసం పరిగెత్తాను. నేను తిరిగొచ్చేసరికి అది ఒక్కతే పెరట్లో ఓ మూలకి చేరిపోయింది. పట్టుకోబోతే నా చెయ్యి తోసేసి, "మామా, నువ్ పో" అంది.

నేర్చుకున్నందుకు పొంగిపోవాలో, నాతో పనిలేనందుకు చిన్నబుచ్చుకోవాలో తెలియలేదు. మళ్లీ పిలుస్తుందేమోనని పెరటి గుమ్మంలోనే పీట వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. పిలవలేదు. ఇన్నేళ్లకి ఆ కుర్ర మాస్టారు గుర్తొస్తే నవ్వొస్తుంది, పక్కన కూర్చుని కాస్త భుజం తట్టాలనీ అనిపిస్తుంది.