అమ్మ తల మీద చెయ్యి

మొన్న మా మనవడు చదివే హైస్కూల్లో మత్తు అలవాట్ల మీద సభ పెట్టినారు, ఇంటికొక పెద్దమనిషి రావాలని కబురు చేసినారు. అల్లుడు మరమగ్గాల షెడ్డు వదిలి రాలేనన్నాడు, కూతురు వంటింట్లోంచి నావైపు చూసింది, సరేనని నేనే బయల్దేరినాను. ఆరో తరగతి మధ్యలో ఆ బడి గేటు దాటి బయటికొచ్చినవాణ్ని, మళ్లీ అదే గేటులో కాలు పెడుతుంటే, ఇన్నేళ్లు ఎందుకు రాలేదురా అని ఎవరైనా బెత్తం పట్టుకొని అడుగుతారేమోనని భయమేసిన మాట నిజం. మన ఈడువాళ్లకు ఆ భయం సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

ముఖ్య అతిథి రావాల్సిన వేళకు రాలేదు, వచ్చిందాకా పిల్లలు ఎండలో ఉడికినారు. వెనక ఫ్లెక్సీ మీద కుళ్లిపోయిన నోళ్ల బొమ్మలు, ముందర పూలదండలు. ఆయన మాట్లాడింది మైకుకే అర్థమయింది. చివర్లో పిల్లలందరినీ లేపి, చెయ్యి ముందుకు చాపించి, బతికినంతకాలం ముట్టబోమని ప్రతిజ్ఞ చేయించినారు. ఫోటో తీసేవానికి ఎండ ఎదురు కొట్టిందంట, మళ్లీ చాపమన్నాడు, మళ్లీ చేసినారు. ఒకే పూటలో రెండుసార్లు మానేసినారు మా ధర్మవరం పిల్లలు. ఇంకొకసారి ఫోటో చెడిపోయింటే జిల్లా మొత్తం బాగుపడేది.

అంతవరకూ నవ్వుకుంటానే ఉన్నాను. అప్పుడు తొమ్మిదో తరగతి వరసలోంచి ఒక ఆడపిల్ల లేచి, సార్, ఇప్పటికే అలవాటైనవాళ్లు ఏం చేయాల సార్, అని అడిగింది. ఆ సభ మొత్తానికి మాట అంటే అదొక్కటే. మైకు పట్టుకున్న అయ్యవారు, మన బడిలో అట్లాంటివాళ్లు ఎవరూ లేరమ్మా, కూర్చో, అన్నాడు. ఆ పిల్ల కూర్చుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికొస్తే గేటుకు ఎదురుగానే అంగడి, దాని ముందర గుట్కా ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతున్నాయి. నేనైతే తల వంచి దూరాల, ఆరో తరగతి పిల్లోడు చెయ్యి చాపితే చాలు. ఇందాక ప్రతిజ్ఞకు చాపినంత ఎత్తే.

నాలుగు దినాలు తిరక్కముందే బడి నుంచి ఫోనొచ్చింది. మా మనవడు తన ప్రాణస్నేహితుని మూతి మీద గుద్దినాడు, పెదవి చిట్లింది. ఎందుకంటే ఆ స్నేహితుడు, వీని సంచిలో గుట్కా ఉండాదని అయ్యవారికి చెప్పినాడంట. తండ్రిని తోడుకొని రా, లేకుంటే టీసీ తీసుకొని పో, అన్నారంట. పదో తరగతి గడప మీద ఉండే పిల్లోడు. టీసీ ఇస్తే యాడికి పోతాడు, అల్లుని షెడ్డుకు. ఆ షెడ్డులో పొద్దస్తమానం ఏం నమిలేదీ నాకు తెలుసు.

సాయంత్రం నేను ఇంటికి పోయేసరికి నడిమింట్లో పంచాయితీ జరుగుతా ఉంది. వాడు గోడకానుకొని తల దించుకొని ఉన్నాడు, చెంప మీద అయిదు వేళ్లూ తేలినాయి. కూతురు చాప మీద కూర్చొని ఏడుస్తోంది. అల్లుడు వాని చెయ్యి గుంజి, తల్లి తల మీదికి తీసుకుపోతూ, ఒట్టు పెట్టు అని చెప్పడానికి నోరు తెరవబోయి, నోటినిండా ఉన్నదేదో కారిపోతుందని మళ్లీ మూసుకొని, గడ్డంతో సైగ చేసినాడు. వేరే పొద్దు అయింటే ఆ సైగ మీద వారం రోజులు ఎగతాళి చేసేవాణ్ని. ఆ పొద్దు చేతిని చూస్తే, తల మీద ఇంకా ఆనని ఆ చేతిని చూస్తే, నాకు కళ్లు కనపడలేదు. పోయి ఆ చెయ్యి పక్కకు కొట్టేసినాను. అది మనవని చెయ్యో అల్లుని చెయ్యో కూడా చూసుకోలేదు.

"ఏం మామా, పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు అల్లుడు, కిటికీలోంచి ఉమ్మేసి వచ్చినాక.

"పట్టిందప్పా. నలభై ఏండ్ల కిందటే పట్టింది. ఈ ఇంట్లో తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసే పని లేదు, అంతే!"

ఆ నలభై ఏండ్ల కిందటి సంగతి ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు. నవ్వించేవాడు ఏడిస్తే జనానికి అలవాటు ఉండదు కదా.

అప్పట్లో మాది గుంట మగ్గం. పట్టుచీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాల, నేసేవాడొకడు, వాని పక్కన అంచులో పోగు మోసే నాడె విసిరేవాడొకడు. నాయన నేసేవాడు, అన్న అంచు వేసేవాడు. నాకంటే నాలుగేండ్లు పెద్దవాడు, మీసం సరిగా రాని వయసు, చేతిలో ఏం మహిమ ఉండేదో గాని అంచు గీత గీసినట్టు వచ్చేది. పెళ్లిళ్ల కాలం వస్తే నాయనకు నడుము నొప్పి, నొప్పికి సారాయి, సారాయి తేవడానికి అన్న. ప్యాకెట్టు తెస్తా తెస్తా దారిలో మూల కొరికి ఒక గుక్క పీల్చడం వానికి ఎప్పుడు అలవాటయిందో పంపించినవాళ్లకు తెలీదు. తెలిసిన పొద్దు మాత్రం, పంపించిన చెయ్యే వాన్ని చావగొట్టింది. ఇదేం న్యాయమబ్బా అని అడిగే నోరు ఆ ఇంట్లో నాయనను కన్న అవ్వ ఒక్కదానికే ఉండేది.

మా అవ్వకొక చట్టం ఉండేది. మగ్గం మీది నిలువు పోగుల పడుగు అయిపోవచ్చినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాల. ఒకరు పోగు ఎంచి అందిస్తే, ఎదురుగా కూర్చున్నవాళ్లు వేళ్లకు బూడిద అద్దుకొని మెలిపెడతారు. వేల పోగులు, పొద్దు పొద్దంతా పని. ఇంట్లో ఎవరు కొట్లాడుకున్నా అవ్వ ఆ ఇద్దర్నే ఎదురెదురుగా అతకడానికి కూర్చోబెట్టేది, ఆ వేళకు పడుగు లేకపోతే చిక్కుపడిన పట్టుదారపు చిలప తెచ్చి మధ్యలో పడేసేది. మా అమ్మా మేనత్తా ఎన్ని చిలపలు విప్పినారో లెక్కలేదు. కండ్లు పోగు మీద ఉండాల కాబట్టి ఒకరి మొహం ఒకరు చూసే పని లేదు. కోపంతో లాగితే తెగుతుంది కాబట్టి చెయ్యి తనంతట తానే మెత్తబడుతుంది. మాట్లాడకూడదని ఎంత బిగబట్టుకున్నా, పోగు అందించేటప్పుడు "ఇంద" అనకుండా కుదరదు. ఆ ఇందలోంచే మెల్లగా అసలు మాట బయటికొచ్చేది.

అన్న దెబ్బలు తిన్న మర్నాడు అవ్వ నాయననూ అన్ననూ అతకడానికి కూర్చోమంది. అన్న వచ్చి కూర్చున్నాడు. నాయన, నేను వాని ఎదురుగా కూర్చోవాల్నా, నేనేమన్నా వాని ఈడువాణ్నా, అని కండువా దులిపి బయటికి పోయినాడు. ఆ చోట నన్ను కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుంది అవ్వ. నేను పోగులు అందిస్తున్నాను, అన్న మెలిపెడుతున్నాడు, వేళ్లు నిలవడం లేదు, మెలి జారిపోతుంది. తల ఎత్తకుండానే అవ్వకు చెప్పినాడు.

"తాగాలని తాగేది కాదవ్వా. పొద్దు వాలితే వేళ్లు వణుకుతాయి, నాడె నిలవదు. ఒక గుక్క పడితే వణుకు ఆగుతాది. అంచు చెడిపోకూడదనే తాగుతాండా."

అవ్వ తిట్టలేదు, ఏడవలేదు. "సరే. ఈ పొద్దు ఎంత తాగినావో నాకు చెప్పు, నేను కొట్టను. రేపు దాంట్లో ఒక గుక్క తగ్గిద్దాం. తగ్గలేదంటే అదీ చెప్పు. తాగినా సరే ఇంటికి రా నాయనా, దాపెట్టుకొని యాడికీ పోవద్దు," అంది. బడి ముఖం చూడని మనిషి. ఫ్లెక్సీ లేదు, మైకు లేదు. ఆ తర్వాత కొన్నాళ్లు అన్న రోజూ అవ్వ చెవిలో ఏదో చెప్పి పోయేవాడు, అవ్వ తల ఊపేది. వణుకు తగ్గుతా వచ్చింది, అది నేను కండ్లారా చూసినాను.

కానీ మా నాయనకు అది చాల్లేదు. మగవాడు అన్నాక ఒక్క దెబ్బకు మానేయాల, చుట్టాల ముందర మాట ఇవ్వాల. ఒక శుక్రవారం అందర్నీ పిలిచి, దీపం ముందర అమ్మను కూర్చోబెట్టి, అన్న చెయ్యి తీసి ఆమె తల మీద పెట్టించినాడు. మళ్లీ తాగితే అమ్మ నాకు దక్కదు, అని చెప్పించినాడు. టెంకాయ కొట్టినారు, పాయసం తిన్నారు, ఎవరిండ్లకు వాళ్లు పోయినారు. అవ్వ ఒక్కతే పాయసం ముట్టలేదు.

తాగినాడు. ఎందుకు తాగడు, వణుకుకు ఒట్టు సంగతి ఏం తెలుసు? ఇంతకుముందైతే అవ్వకు చెప్పేవాడు, ఇప్పుడు ఎట్లా చెప్తాడు, చెప్తే అమ్మను చంపినట్టే కదా. అదే వారంలో అమ్మకు చలిజ్వరం వచ్చింది. వీధిలో ఇంటికొకరు దుప్పటి కప్పుకొని పడున్నారు ఆ నెలలో, దోమలు ఎవరి తల మీదా ఒట్టు పెట్టలేదు. అయినా మా మేనత్త, వీడు మళ్లీ ముట్టింటాడు, అందుకే ఈయమ్మకు ఇట్లా అయింది, అని గడపలో నిలబడి గట్టిగా అంది. అన్న తలుపు వెనకే ఉన్నాడు. తెల్లారేసరికి లేడు.

బుక్కపట్నం చెరువుకట్ట దాకా పోయి వెతికినాము, తాడిమర్రిలో చుట్టాలను అడిగినాము. కొన్నేండ్లకు పెనుకొండలో ఒక పెళ్లికి పోయినప్పుడు, సోడా తాగుదామని రోడ్డు దాటితే బండి పక్కన నిలబడి అన్న కనపడినాడు. హిందూపురం మార్కెట్లో చింతపండు మూటలు మోస్తున్నాడంట, మాటల్లో సగం కన్నడం కలిసిపోయింది. నా భుజం పట్టుకొని అడిగిన మొదటి మాట, "అమ్మ ఉండాదా?"

ఉందా లేదా అని అడుగుతున్నాడు. "ఉండాది, లోపల సాంబారులో ఉప్పు లేదని వంటవాళ్లతో కొట్లాడుతాంది, రా," అన్నాను. నవ్వినాడు, కండ్లలో నీళ్లు కారుతుండగానే నవ్వినాడు.

"రానురా. నేనింకా మానలేదు. దూరంగా ఉంటేనే ఆయమ్మకు క్షేమం."

అమ్మ మీద ప్రేమతో అమ్మకు దూరంగా బతికినాడు నా అన్న. హిందూపురంలోనే కాలేయం చెడి కన్నుమూసినాడు. నేనూ ఇంకో ముగ్గురూ మోసినాము. అమ్మ ఆ తర్వాత చానా ఏండ్లు బతికింది, తల ముగ్గుబుట్ట మాదిరి తెల్లగా అయింది. ఆ తల దువ్వుతున్నప్పుడల్లా, ఈ తల మీద పెట్టించిన చెయ్యి ఏమయిందిరా అని నాయనను అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. నాయన అప్పటికే పోయినాడు, చచ్చినోణ్ని ఏం అడిగేది.

మర్నాడు పొద్దున్నే మనవని స్నేహితుని ఇంటికి పోయినాను. వాళ్లమ్మ వాకిట్లోనే కొంగు దోపుకొని నిలబడింది. మీవాని మూతికి మావాడు చేసిన పనికి మాట పడటానికి వచ్చినానమ్మా, ఎంతసేపైనా తిట్టు, ఆ తర్వాత నీ కొడుకును ఒక పూట నాకు అప్పియ్యి, అన్నాను. తనివితీరా తిట్టింది, ఆ తర్వాత పంపించింది. మా ఇంట్లో ఇంకా ఒక్క మగ్గం మిగిలి ఉంది, పడుగు అయిపోవచ్చింది. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో బూడిద పెట్టి, అవ్వ కూర్చునే చోట నేను కూర్చున్నాను. మావానికి చిన్నప్పుడే నేర్పించినాను, ఆ పిల్లోనికి కొత్త. మొదట చాలాసేపు ఇంద, ఇంద, అంతే.

"ఏం పీకుతాండావురా, మెల్లగా తీయి," అన్నాడు మనవడు.

"నీ మాదిరి గుద్దడం రాదులే నాకు," అన్నాడు పెదవి వాచినవాడు.

ఇంకో రెండు వరసలు అతికినారు. అప్పుడు మావాడు, తల ఎత్తకుండానే, పోయి పోయి చెప్పింది నువ్వేనా అని కోపం వచ్చిందిరా, అన్నాడు. ఆ పిల్లోడు, నిన్ను పట్టియ్యాలని కాదురా, నువ్వు అన్నం తినడం మానేసినావు, కారం తగిలితే నోరు మండుతాందని ఏడ్చినావు, భయమేసింది, అన్నాడు. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లం ఉన్నాము, కంచంలో అన్నం మిగిలేది ఒక్కరం చూడలేదు.

తర్వాత మావాడు నన్ను అడిగినాడు. "తాతా, పొద్దున్నుంచి నాలుక లాగుతాండాది. మళ్లీ తింటే?"

"తింటే ఇంటికొచ్చి చెప్పు. దాపెట్టొద్దు. నోరు చూపించడానికి పుట్టపర్తి ఆస్పత్రికి పోదాం, మానిపించడానికి డాక్టర్లు ఉండారంట, ఇద్దరం పోదాం. నేనూ బీడీ మానాల్సిందే కదా."

సోమవారం ఇద్దరూ కలిసే హెడ్మాస్టరు దగ్గరికి పోయినారు, చిట్లిన పెదవే ముందు మాట్లాడిందంట. టీసీ మాట ప్రస్తుతానికి ఆగింది. ఆస్పత్రికి ఒకసారి పోయి వచ్చినాము. వాడు మధ్యలో ఒకసారి తిన్నాడు, వచ్చి చెప్పినాడు. నేను కొట్టలేదు.

మన కాలమే మంచిదని చెప్పడానికి ఇదంతా రాయలేదు, మన కాలమే కదా నా అన్నను తినేసింది. కానీ ఆ కాలంలో ఇద్దరు మనుషులు ఒక పొద్దంతా ఎదురెదురుగా కూర్చునే పని ఒకటి ఉండేది. ఇప్పుడు ధర్మవరంలో ఏ వీధిలో నడిచినా మరమగ్గాల మోతే, పక్కన మనిషి అరిచినా వినపడదు, ఇంటికొస్తే ఎవరి ఫోను వాళ్లది. ఒట్టు పెట్టించడానికి, ఫోటో తీయడానికి మాత్రం అందరికీ తీరిక దొరుకుతుంది.

పిల్లలిద్దరూ అతకడానికి కూర్చున్న పొద్దు సాయంత్రం, స్నేహితుడు ఇంటికి పోయినాక ఒక పక్క పోగులు ఇంకా మిగిలినాయి. అల్లుడు షెడ్డు నుంచి వచ్చి గడపలో నిలబడినాడు. నీ వంతు అప్పా, నోరు కడుక్కొని వచ్చి కూర్చో, అన్నాను. మా నాయన మాదిరి కండువా దులిపి పోతాడనే అనుకున్నాను. బయటికి పోయి ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చి, కొడుకు ఎదురుగా కూర్చున్నాడు. మిషను మీద బతికే చేతులు, పోగు ఎంచడం రాదు, రెండు పోగులు తెంపినాడు. వాడు బూడిద చేత్తో తండ్రి వేళ్లు పట్టుకొని చూపించినాడు.

"మెల్లగా నాయనా, తెగిపోతాది."

మా నాయన కూర్చోకుండా పోయిన ఆ చోటు వంకే చూస్తా ఉన్నాను. అల్లుడు ఇంకో పోగు ఎంచి, తల ఎత్తకుండా, ఇంద, అన్నాడు.