గోడ కావాలా, వద్దా?

నేను పాఠాలు చెప్పే ప్రాథమిక పాఠశాల జగ్గయ్యపేటకి కాస్త ఇవతల, హైవే పక్కనే ఉంటుంది. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లం. నేను నందిగామ నుంచి రోజూ బస్సులో వెళ్లొస్తాను. ముక్త్యాల వైపు నుంచి వచ్చే సిమెంటు లారీలు మా గేటు ముందు నుంచే పోతాయి.

ఒకరోజు పొద్దున ప్రార్థన అవగానే జీపులో ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తారట. దానివల్ల చుట్టుపక్కల వాళ్లకి ఏ ఇబ్బంది వస్తుందో ముందే చూడాలట. శబ్దం ఎంతుందో కొలవడానికి వరండాలో మూడు కాళ్ల స్టాండు మీద చిన్న యంత్రం పెట్టింది. మా బడి 'సున్నిత ప్రాంతం' కిందకి వస్తుందని చెప్పింది.

"అంటే బడి తీసేస్తారామ్మా?" అని అడిగాను.

"లేదు మేడమ్. సౌండ్ చూసుకుని వెళ్లిపోతాం. మీరు రోజూలాగే పాఠం చెప్పుకోండి."

రోజూ ఎలా చెబుతానో ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. యంత్రాన్ని చూసి పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేనూ తనిఖీకి ఎవరో వచ్చినట్టు గొంతు తగ్గించాను. కాసేపటికి ఆ అమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చి, లారీ పోయినప్పుడల్లా నేను ఆగిపోతున్నానని చెప్పింది.

"ఆగుతున్నానా?" అన్నాను.

"రోజూ ఆగుతారు టీచర్" అన్నారు పిల్లలు.

ఇన్నేళ్లుగా వాక్యం మధ్యలో ఆగి, లారీ దాటాక మళ్లీ అందుకుంటున్నానని నాకు తెలియనే తెలియదు. లారీల వల్ల గొంతు కూడా పెరిగిందేమోనని, సాయంత్రం ఇంటికి వెళ్లి, నేను గట్టిగా మాట్లాడతానా అని మావారిని అడిగాను. "పెళ్లయిన కొత్తలో ఇలా లేదు" అని ఆయన మళ్లీ పేపర్లోకి తల దించేశారు. అది ఫిర్యాదో, ఊరికే అన్న మాటో తేల్చుకోలేకపోయాను.

కొన్ని నెలలకి ఆ పరిశీలన సారాంశం తెలుగులో గ్రామ సచివాలయానికి వచ్చింది. మా బడి దగ్గర శబ్దం ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉందనీ, రోడ్డుకీ బడికీ మధ్య శబ్దాన్ని ఆపే ఎత్తు గోడ కట్టవచ్చనీ అందులో రాశారు. ఎవరికైనా అభ్యంతరాలుంటే నందిగామలో జరిగే ప్రజాభిప్రాయ సేకరణకి వచ్చి చెప్పాలట. చదివి సంతోషపడ్డాను. ఆ సంతోషం బడి వదిలేదాకే నిలిచింది.

మా బడిలో చదివే ఇద్దరు ఆడపిల్లల తండ్రి ఆటో నడుపుతాడు. రోజూ గేటు ముందే దింపి వెళ్తాడు. గోడ సంగతి చెబితే అతని మొహం మారిపోయింది.

"గోడ కడితే నేనెక్కడ ఆపాలి మేడమ్? ఆ చివర దింపితే, అంత దూరం పిల్లలు రోడ్డు పక్కన నడిచి రావాలి గదా."

మధ్యాహ్న భోజనం వండే ఆమెకి ఇంకో బెంగ. ఆమె బస్సులోనే వస్తుంది. బడి కనపడుతుంది కాబట్టి డ్రైవర్లు ఆపుతున్నారు, గోడ వెనక బడి ఉందని వాళ్లకెలా తెలుస్తుంది అంది. నాతోపాటు పాఠాలు చెప్పే మా సారేమో శబ్దం తగ్గితే చాలన్నాడు, ఎండాకాలం గాలి ఆడదేమోనని మళ్లీ తనే అన్నాడు. ఎవరి మాట విన్నా నిజమే అనిపించింది. నా మాట ఏమిటో మాత్రం నాకు దొరకలేదు.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు సెలవు పెట్టి వెళ్లాను. షామియానా కింద చాలామంది రైతులున్నారు. పొలాలకి ట్రాక్టర్లు ఎటు దాటాలని ఎక్కువమంది అడిగారు. నా వంతు వచ్చేసరికి, ఇంటి దగ్గర నుంచీ కూడబలుక్కున్న మాటలన్నీ కలగాపులగం అయ్యాయి.

"మా బడికి గోడ కావాలండి" అన్నాను. అలవాటుగా గొంతెత్తేసరికి మైకు కీచుమంది. వెనక్కి జరిగి తలెత్తితే, మూడో వరసలో మా ఆటో అతను నావైపే చూస్తున్నాడు. "కానీ బడి రోడ్డు మీదికి కనపడాలండి" అన్నాను.

నలుగురు నవ్వారు. వేదిక మీది అధికారి మాత్రం నవ్వలేదు. "మేడమ్, గోడ కావాలా, వద్దా?" అని నెమ్మదిగా అడిగారు.

"కావాలండి. అడ్డం మాత్రం ఉండకూడదు."

ఆయన ఏదో రాసుకున్నారు. నేను దిగి వచ్చి కూర్చున్నాను. నేను అడిగింది ఏమిటో ఆయనకైనా అర్థమైందో లేదో.

పనులు మొదలయ్యాక చూస్తే, అచ్చం నేనన్నట్టే కట్టారు. పెద్దపిల్లల గది ముందు నిలువెత్తు దాటిన గోడ. చిన్నపిల్లల గది ఎదురుగా గేటు, బస్సు ఆగే చోటు కాబట్టి అక్కడ ఖాళీ వదిలేశారు. ఆటో అతను ఎప్పట్లా గేటు దగ్గరే పిల్లల్ని దింపుతున్నాడు. నాకు రెండుసార్లు దణ్ణం పెట్టాడు. అందులో నేను చేసిందేమిటో నాకు తెలియదు.

గోడ వెనక గదిలో ఇప్పుడు మాటలు వినపడతాయి. ఆటో అతని పెద్దకూతురు లెక్కలు చేసుకుంటూ సన్నగా కూనిరాగం తీస్తుందని నాకు ఈమధ్యనే తెలిసింది. పక్క గదిలో మాత్రం శబ్దం ముందుకన్నా పెరిగిందనిపిస్తోంది. నిజంగా పెరిగిందో, ఇటు తగ్గడం వల్ల అలా అనిపిస్తోందో చెప్పలేను.

చిన్నవాళ్లకి అన్యాయం జరుగుతోందని గదులు మార్చాను. వాళ్లు గోడ వెనక రెండు రోజులు కూర్చుని మూడో రోజు ఏడుపు అందుకున్నారు. లారీలు కనపడటం లేదట. మళ్లీ మార్చాను. ఇప్పుడు పెద్దవాళ్లు చదువుకుంటున్నారు, చిన్నవాళ్లు కిటికీ పట్టుకుని సిమెంటు లారీలు లెక్కపెడుతున్నారు. అంకెలు తప్పుల్లేకుండా వస్తున్నాయి కదా అంటాడు మా సారు. అది మంచికేనేమో. వచ్చే వారం మళ్లీ గదులు మార్చాలా అని మొన్న అడిగాడు. చూద్దాం అన్నాను.